జ్వరం దిగిన రోజు

మా వంటింటి తలుపు వెనక 2024 క్యాలెండర్ ఇంకా అలాగే వేలాడుతోంది. సెప్టెంబరు కాగితం తర్వాత దాన్ని ఎవరూ తిప్పలేదు. పదకొండో తారీఖు నుంచి ఒక్కో గడిలో పెన్సిల్‌తో గీసిన నిలువు గీతలు, వాటి కింద చిన్న చిన్న సున్నాలు ఉంటాయి. గీత అంటే నేను తాగిన ఒక గ్లాసు. సున్నా అంటే ఒకసారి బాత్రూమ్‌కి వెళ్ళొచ్చినట్టు. పద్నాలుగో తారీఖు శనివారం గడిలో గీతలు మూడే ఉన్నాయి, సున్నా ఒక్కటే, అదీ తెల్లవారుజామున పెట్టింది. ఆ గడి చూసే మా అమ్మ నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఆ రోజు నాకు జ్వరం లేదు.

డెంగీ అనగానే మన ఇళ్ళలో మొదట వచ్చే ప్రశ్న "ప్లేట్‌లెట్స్ ఎంత ఉన్నాయి?" అని, అంటే రక్తం గడ్డకట్టడానికి సాయపడే కణాల లెక్క. నాకు ఫోన్ చేసిన ప్రతి ఒక్కరూ అదే అడిగారు, ఇంతకుముందు ఎవరికైనా వస్తే నేనూ అదే అడిగేదాన్ని. ఆ అంకె కింద పడుతుంటే అందరికీ టెన్షన్, పైకి లేస్తుంటే ఊరట. ఇప్పుడు నాకు గట్టిగా అనిపించేదేంటంటే, ఆ అంకె మీద పెట్టే ధ్యాసలో సగం రోగి తాగే నీళ్ళ మీద, పోసే యూరిన్ మీద, జ్వరం దిగిన ఆ ఒకటి రెండు రోజుల మీద పెట్టగలిగితే చాలామంది ఇంట్లోనే క్షేమంగా లేచి తిరుగుతారు, ఆసుపత్రి అవసరమైనవాళ్ళు సమయానికి ఆసుపత్రికి చేరతారు. నేను డాక్టర్ని కాదు. నాకు జరిగిందీ, ఆ తర్వాత కూర్చుని చదివి, డాక్టర్లని అడిగి తెలుసుకున్నదీ చెప్తున్నాను.

వినాయక చవితి వెళ్ళిన మూడో రోజు, మంగళవారం సాయంత్రం మొదలైంది. కళ్ళ వెనక ఎవరో వేళ్ళతో నొక్కుతున్నట్టు నొప్పి, నడుము దగ్గర్నుంచి మోకాళ్ళ దాకా ఎముకల్ని పట్టి మెలితిప్పుతున్నట్టు బాధ. రాత్రికి 103. మా ఆయన కంగారుపడి వీధి చివర ప్రాక్టీస్ చేసే ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్తే, ఆయన ఒళ్ళు నొప్పులకి అని నడుముకి ఒక సూది వేశాడు. గంటలో నొప్పులు మాయం. ఎంత మంచి సూది అనుకున్నాం. మర్నాడు డాక్టరు ఆ చీటీ చూసి అది డైక్లోఫెనాక్ అని చెప్పి, ఇకమీదట ఈ జ్వరంలో అలాంటిది ఒక్కటి కూడా వద్దన్నారు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్ప్రిన్ లాంటివి కడుపులో పుండు చేస్తాయి, ప్లేట్‌లెట్స్ పనిని చెడగొడతాయి, అసలే రక్తం గడ్డకట్టే శక్తి తగ్గే జబ్బులో వాటిని వేసుకోవడం ప్రమాదం. పారాసిటమాల్ ఒక్కటే, ఆరు గంటలకొకటి, రోజుకి నాలుగు 650 బిళ్ళలు దాటకుండా వేసుకోమన్నారు. వానాకాలంలో జ్వరం వచ్చిన మొదటి రోజే ఏ జ్వరమో తెలియకుండా నొప్పుల సూది వేయించుకోవద్దని ఎవరికైనా చెప్పగలిగితే చాలు, ఇది రాసినందుకు ఫలితం దక్కినట్టే.

రక్తంలో డెంగీ వైరస్ ప్రోటీన్ని పట్టే ఎన్ఎస్1 పరీక్ష పాజిటివ్ వచ్చింది. మొదటి నాలుగైదు రోజుల్లో పట్టిచ్చేది ఈ పరీక్షే, వైరస్ మీద ఒళ్ళు తయారుచేసే యాంటీబాడీని చూసే ఐజీఎం తేలడానికి ఐదో రోజు దాటాలి. రెండో రోజున ఐజీఎం ఒక్కటే చేయించుకుని డెంగీ లేదట అని నిశ్చింతగా పడుకున్నవాళ్ళు నాకు తెలుసు. డాక్టరు మమ్మల్ని ఇంటికే పంపించారు. డెంగీకి వైరస్‌ని చంపే మందు లేదు, యాంటీబయాటిక్స్ పనిచేయవు, గర్భం గానీ షుగరు గానీ లేని మనిషి, తాగింది కడుపులో నిలుస్తోంది, కాబట్టి ఇంట్లో ఉండొచ్చు అన్నారు. "కానీ రోజుకి రెండున్నర లీటర్లకి తగ్గకుండా లోపలికి వెళ్ళాలి. ఆరు గంటల్లో ఒక్కసారైనా యూరిన్ రాకపోతే ఫోన్ చేయొద్దు, తీసుకొచ్చేయండి." ఈ రెండో మాట మా అమ్మ చెవిలో పడింది. ఆ రోజు మధ్యాహ్నమే తెనాలి దగ్గర మా ఊరి నుంచి బస్సెక్కి గుంటూరు వచ్చి, సంచి కింద పెట్టకముందే నాతో పాటు క్లినిక్‌కి వచ్చింది. నలభై ఏళ్ళుగా పాల లెక్క క్యాలెండర్ మీద గీతలు పెట్టి రాసుకునే మనిషి, ఇంటికి రాగానే మా అమ్మాయి పెన్సిల్ తీసుకుని నా లెక్క మొదలుపెట్టింది.

రెండున్నర లీటర్లు అంటే వినడానికి ఏముంది అనిపిస్తుంది. నోరంతా చేదు, మంచినీళ్ళు గొంతులోకి దిగితే వికారం. అమ్మ ఒకేసారి గ్లాసు నిండా ఇచ్చేది కాదు. స్టీలు గ్లాసులో సగం గంజి, ఉప్పేసి, పల్చగా. పావుగంట ఆగి ఇంకో సగం. తర్వాత కొబ్బరి నీళ్ళు, తర్వాత నీళ్ళ మజ్జిగ, తర్వాత ఓఆర్‌ఎస్. రెండు సగాలు అయితే ఒక గీత. మా ఆయన ఎవరో చెప్పారని కాలనీ చివర చెట్టు నుంచి బొప్పాయి ఆకులు కోసుకొచ్చి నూరి రసం తీసి ఇచ్చారు. ప్రేమతోనే ఇచ్చారు, కాదనలేక తాగాను. ఆ చేదుకి తాగిన గుక్కెడు రసంతో పాటు అంతకుముందు గంటసేపు కష్టపడి పట్టించిన రెండు గ్లాసుల గంజి కూడా బయటికొచ్చేసింది. అమ్మ ఏమీ అనలేదు. తలుపు దగ్గరికి వెళ్ళి రబ్బరు తీసుకుని రెండు గీతలు చెరిపేసింది.

బొప్పాయి ఆకు మీద కొన్ని అధ్యయనాలు జరిగిన మాట నిజం, ప్లేట్‌లెట్స్ కొంచెం తొందరగా పెరిగాయని వాటిల్లో చెప్పారు. కానీ దానివల్ల ప్రాణాలు నిలబడ్డాయని గానీ, జబ్బు ముదరడం తగ్గిందని గానీ గట్టిగా తేలలేదు. మా పిన్ని లీటరు నాలుగు వందలు పెట్టి మేకపాలు పంపించింది, ఇంకెవరో కివీ పళ్ళ డబ్బా తెచ్చారు. పళ్ళు తినగలిగితే తినొచ్చు, ఎవరూ వద్దనరు. నా బాధంతా ఇక్కడే: ఇంట్లో ముగ్గురు మనుషులుంటే ముగ్గురూ ఆకుల కోసం, పాల కోసం ఊరంతా తిరుగుతుంటే మంచం పక్కన గ్లాసు పట్టుకుని కూర్చునేవాళ్ళు ఉండరు.

ఓఆర్‌ఎస్ గురించి కూడా చెప్పాలి. మూడో రోజు మందుల షాపులో ఓఆర్‌ఎస్ అడిగితే నారింజ రుచి ఉన్న చిన్న అట్టపెట్టెలు ఇచ్చారు. తియ్యగా ఉన్నాయి, తాగబుద్ధైంది, రెండు తాగాను. తర్వాత డాక్టరు చూసి ఇది ఓఆర్‌ఎస్ కాదు, చక్కెర నీళ్ళు అన్నారు. అసలైన ఓఆర్‌ఎస్‌లో లీటరుకి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. చక్కెర అంతకు ఎన్నో రెట్లు పోస్తే పేగులోకి నీరు లాగి విరేచనాలు పెట్టిస్తుంది, అంటే ఒంట్లో నిలబడాల్సిన నీరు పోతుంది. హైదరాబాదుకి చెందిన పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు దీని మీద ఏళ్ళ తరబడి ఒంటరిగా పోరాడారు, చివరికి 2025 అక్టోబరులో ఆ సూత్రం ప్రకారం లేని పానీయాల మీద ఓఆర్‌ఎస్ అన్న పేరు వాడకూడదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశాలిచ్చింది. ఆ వార్త చదివిన రోజు నేను ఆ అట్టపెట్టెల్నే తలుచుకున్నాను. ఇప్పటికీ కొనేటప్పుడు ప్యాకెట్ తిప్పి చూసి, డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉంటేనే తీసుకుంటాను, చెప్పిన కొలతకి సరిగ్గా లీటరు నీళ్ళలో కలుపుతాను.

ఇక శనివారం. తెల్లవారుజామున చెమటలు పట్టి జ్వరం దిగిపోయింది. థర్మామీటరు పెడితే 98. మా ఆయన ఆఫీసుకి వెళ్ళిపోయారు, మా అమ్మాయి వచ్చి పక్కన పడుకుంది, పప్పుచారు వాసన వస్తోంది, ఇల్లంతా తేలికపడింది. నేను కూడా హమ్మయ్య అనుకున్నాను. జ్వరం తగ్గిందిగా అని గ్లాసుల సంగతి అందరం కొంచెం వదిలేశాం. పదకొండు దాటేసరికి పొట్టలో పైభాగాన నొప్పి మొదలైంది, ఏ పక్కకి పడుకున్నా కుదరడం లేదు, లేస్తే తల తిరుగుతోంది, అరికాళ్ళు చల్లగా అయిపోయాయి. నీరసం అనుకున్నాను. జ్వరం పోయాక ఉండే నీరసమే కదా. మధ్యాహ్నం ఒంటిగంటకి అమ్మ క్యాలెండర్ దగ్గర నిలబడి, "ఏమే, తెల్లారి ఐదింటికి వెళ్ళావు, మళ్ళీ వెళ్ళలేదా?" అంది. లేదన్నాను. రావట్లేదు అన్నాను. అంతే, ఆటో పిలిచింది.

ఆసుపత్రిలో బీపీ 100/80. పై అంకె చూసి నేను పర్వాలేదు అనుకున్నాను, కానీ డాక్టరు చూసింది రెండింటి మధ్య తేడా. అది ఇరవైకి వచ్చిందంటే ఒంట్లో తిరిగే రక్తం తక్కువైపోతోందని అర్థం. సీబీపీ అనే రక్తపరీక్షలో ఆయన ముందు చూసింది ప్లేట్‌లెట్స్ కాదు, పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా ఎంత శాతమో చెప్పే అంకె. గురువారం 37 ఉన్నది ఆ రోజు 45 అయింది. రక్తం చిక్కబడింది.

డెంగీలో ప్రాణం మీదికి తెచ్చేది చాలాసార్లు రక్తం కారడం కాదు, రక్తంలోని నీరు ఊరిపోవడం. సన్నటి రక్తనాళాల గోడలు ఒకటి రెండు రోజులు వదులైపోతాయి, లోపలి ప్లాస్మా బయటికి జారి పొట్టలోకి, ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. నీరు మనిషి ఒంట్లోనే ఉంటుంది, కానీ ఉండాల్సిన చోట ఉండదు. అందుకే రక్తం చిక్కబడుతుంది, బీపీ తగ్గుతుంది, కిడ్నీలకి చేరే రక్తం తగ్గి యూరిన్ ఆగిపోతుంది. ఇది మొదలయ్యేది జ్వరం మండిపోతున్నప్పుడు కాదు, దిగుతున్నప్పుడు. జ్వరం మొదలైన మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య వస్తుంది, ఉండేది 24 నుంచి 48 గంటలు. మనకి చిన్నప్పటి నుంచి జ్వరం దిగితే గండం గడిచినట్టే అని అలవాటు. చాలా జ్వరాల్లో ఆ అలవాటు తప్పు కాదు. ఈ జ్వరంలో అదే మనల్ని ఏమరపాటులో పడేస్తుంది. జ్వరం దిగాక కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచో ముక్కు నుంచో రక్తం, నల్లటి విరేచనం, విపరీతమైన మగత లేదా ఊరకే అటూ ఇటూ కొట్టుకోవడం, చేతులు కాళ్ళు చల్లబడటం, వీటిలో ఏది కనపడినా ఇంట్లో ఇంకో గ్లాసు పట్టించి చూద్దాం అని ఆగకూడదు. ఆ దశలో నోటితో తాగేది చాలకపోవచ్చు.

ఆ రోజు నా ప్లేట్‌లెట్స్ 62 వేలు. మర్నాడు ఆదివారం 28 వేలకి పడిపోయాయి. సరిగ్గా ఆ ఆదివారమే నేను మంచం మీద లేచి కూర్చుని ఇడ్లీ తిన్నాను, యూరిన్ మామూలుగా వస్తోంది, పీసీవీ 39కి దిగింది. ఫోన్లు మాత్రం ఆ ఆదివారమే మోగిపోయాయి. "28 వేలే అంటగా, ఇంకా ఎక్కించలేదా, ఆ ఆసుపత్రిలో ఎందుకుంచారు?" ఒకరు ముగ్గురు దాతల్ని సిద్ధం చేశారు. మా ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుని డాక్టర్ని బతిమాలారు. డాక్టరు ఓపిగ్గా చెప్పారు: రక్తస్రావం లేనప్పుడు 10 వేల కన్నా తగ్గితేనే ముందుజాగ్రత్తగా ఎక్కించడం గురించి ఆలోచించాలని మన జాతీయ మార్గదర్శకాల్లోనే ఉంది అని. తర్వాత నేను చదివితే తెలిసింది, సింగపూర్, మలేషియాల్లో ప్లేట్‌లెట్స్ 20 వేలు, అంతకన్నా తక్కువ ఉన్న 372 మంది పెద్దవాళ్ళ మీద చేసిన పరిశోధన 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్స్ ఎక్కించినవాళ్ళకీ ఎక్కించనివాళ్ళకీ రక్తస్రావంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, ఎక్కించినవాళ్ళలో దుష్ఫలితాలు మాత్రం ఎక్కువ వచ్చాయి. రక్తం కారుతుంటే సంగతి వేరు, అప్పుడు ఎక్కించాల్సి రావొచ్చు. కానీ అంకె చూసి భయపడి, దాతల కోసం రాత్రంతా ఫోన్లు చేసి, అప్పు చేసి ఎక్కించుకున్న ఇళ్ళు మన చుట్టూ ఎన్ని ఉన్నాయో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

అలాగే సెలైన్. శనివారం నన్ను కాపాడింది సెలైనే. ఆదివారం సాయంత్రం డాక్టరు దాన్ని తగ్గించి ఆపేయమంటే మా వాళ్ళకి నచ్చలేదు, బలం వస్తుంది కదా ఇంకో బాటిల్ పెట్టండి అన్నారు. జారిపోయిన నీరంతా ఈ దశలో తిరిగి రక్తనాళాల్లోకి వచ్చేస్తుంది, అప్పుడూ పైనుంచి పోస్తూ ఉంటే ఆ నీరు ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం తెస్తుంది. ఒక రోజు ప్రాణం పోసిందే మర్నాడు ముప్పు తెస్తుంది. అందుకే గంట గంటకీ చూసే మనిషి కావాలి, బాటిళ్ళ లెక్క కాదు.

మంగళవారం 54 వేలతో ఇంటికొచ్చాను. మర్నాడు అరచేతులు, అరికాళ్ళు ఒకటే దురద. కాళ్ళంతా ఎర్రగా కంది మధ్య మధ్య తెల్లటి మచ్చలు. భయపడ్డాను గానీ అది కోలుకుంటున్న గుర్తేనట. దురద రెండు రోజుల్లో తగ్గింది.

తగ్గనిది అలసట. దీని గురించి ఎవరూ ముందుగా చెప్పలేదు. గ్యాస్ పొయ్యి ముందు పది నిమిషాలు నిలబడితే చెమటలు పట్టేవి. తడి బట్టలు బకెట్‌లోంచి తీసి పిండబోతే వేళ్ళకి పట్టు దొరికేది కాదు. ఒక పూట బాగుందనిపించి ఇల్లు ఊడిస్తే మర్నాడంతా మంచం. ఐదు వారాలు ఇలాగే గడిచాయి. డిసెంబరులో జుట్టు దువ్వెనకి కుచ్చులు కుచ్చులుగా వచ్చింది, తీవ్రమైన జ్వరం తర్వాత రెండు మూడు నెలలకి అలా రాలడం మామూలే అనీ, మళ్ళీ వస్తుందనీ తెలిసేసరికి సగం ఏడ్చేశాను.

మన ఇళ్ళలో ఆడవాళ్ళకి జ్వరం ఉన్నంతసేపే జబ్బు. థర్మామీటరు 98 చూపించిన మర్నాడు చీపురు చేతికొస్తుంది. పలకరించడానికి వచ్చినవాళ్ళు "జ్వరం లేదుగా, కాస్త తిరుగుతుంటే అదే సర్దుకుంటుంది" అంటారు, చెడ్డ మనసుతో కాదు, వాళ్ళకీ అలాగే గడిచింది కాబట్టి. నాకు అడ్డం నిలబడింది మా అత్తయ్య. 2006లో చికున్‌గున్యా మన రాష్ట్రాన్ని ఊపేసిన ఏడు ఆవిడకి వచ్చింది. జ్వరం వారంలో పోయింది, కీళ్ళ నొప్పులు ఏడాది పైన ఉన్నాయి. పొద్దున్నే గోడ పట్టుకుని లేచేదట, చెంబు పట్టుకోలేకపోయేదట, ఎవరికి చెప్పినా పని ఎగ్గొట్టడానికి అనుకున్నారట. ఇన్నేళ్ళలో ఆవిడ నాతో ఆ సంగతి ఎప్పుడూ అనలేదు. నేను ఇంటికొచ్చిన మూడో రోజు, ఎవరో చుట్టాలు వస్తే టీ పెట్టడానికి లేవబోతుంటే, హాల్లో అందరి ముందూ "అమ్మాయిని లేపకండి, నన్ను లేపారు, ఇప్పటికీ నా వేళ్ళు చూడండి" అని చెయ్యి చాపింది. ఆ తర్వాత నెల రోజులు మా ఇంట్లో నన్ను ఎవరూ పని అడగలేదు. ఉద్యోగం చేసేచోట కూడా డెంగీకి వారం సెలవు చాలనుకుంటారు. చాలదు. మనిషిని బట్టి రెండు వారాలు, నెల కూడా పడుతుంది, అది బద్ధకం కాదు.

దోమ సంగతి కొంచెం. ఈ దోమ పగలు కుడుతుంది, మురుగులో కాదు మంచినీళ్ళలో గుడ్లు పెడుతుంది. ప్రతి శుక్రవారం డ్రై డే అని మున్సిపాలిటీ వాళ్ళు చెప్తూనే ఉంటారు, మేం డ్రమ్ములు ఖాళీ చేస్తూనే ఉన్నాం. మాకు పిల్లపురుగులు కనపడింది ఫ్రిజ్ వెనక నీళ్ళు చేరే చిన్న ట్రేలో. ఇన్నేళ్ళలో ఆ ట్రే ఒకటుందని కూడా చూడలేదు. జ్వరం ఉన్న మొదటి ఐదారు రోజులు రోగి పగలు కూడా దోమతెరలో పడుకోవాలి, ఎందుకంటే ఆ రోజుల్లో రోగిని కుట్టిన దోమే తర్వాత ఇంట్లో మిగతావాళ్ళకి అంటిస్తుంది. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. నాకు వచ్చిన రకం మళ్ళీ రాదు, మిగతా మూడూ రావొచ్చు, రెండోసారి వచ్చేది ఇంకా గట్టిగా ఉండే అవకాశం ఉంది. అందుకే ఆ పెన్సిల్ క్యాలెండర్ పక్కనే దారంతో కట్టి ఉంచాను.

మొన్న నరసరావుపేట నుంచి మా పిన్నికూతురు ఫోన్ చేసింది. "అక్కా, మా వాడికి ప్లేట్‌లెట్స్ 40 వేలే, మీ వైపు బీ పాజిటివ్ ఎవరైనా ఉన్నారా?" అని ఏడుపు గొంతుతో. జ్వరం ఎప్పుడు దిగింది అని అడిగాను. ఈ పొద్దునే దిగింది, ఇప్పుడు మత్తుగా పడుకున్నాడు అంది. పొద్దున్నుంచి ఎన్నిసార్లు పాస్‌కి వెళ్ళాడే అన్నాను. కాసేపు మాట లేదు. "ఉండక్కా" అని ఫోన్ మంచం మీద పెట్టేసింది. వాణ్ణి పేరు పెట్టి పిలుస్తూ లేపడం నాకు వినపడుతూనే ఉంది.